అదోనీయా రథమా, తండ్రి కంచరగాడిదా?



ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత ప్రతి ఏడూ మన ఇళ్లలో ఒక మాట మొదలవుతుంది. "అయ్యగారూ, పిలగాడు పాసైండు. బండి అడుగుతుండు. జర ప్రార్థన చేయండి." ఏ బండి అని అడిగితే తండ్రి నసుగుతాడు. పక్కన నిలబడ్డ కొడుకు మాత్రం టక్కున చెప్తాడు: డ్యూక్, ఆర్‌సీ, ఆర్15. పట్నంలో బాగా డబ్బున్న ఇళ్లలో ఇదే పంచాయితీ స్పోర్ట్స్ కారు గురించి నడుస్తుంది. మన నల్గొండ, పాలమూరు పల్లెల్లో స్పోర్ట్స్ బైకు గురించి. పద్దెనిమిదేళ్లు నిండీ నిండని బిడ్డ చేతికి ఇచ్చే మొట్టమొదటి బండి అదే కావాలా?

చివరిదాకా చదవడానికి తీరిక లేనివాళ్ల కోసం నా అభిప్రాయం ముందే చెప్తాను. వద్దు. మొదటి బండిగా అది తగదు. బైకు పాపమని కాదు. వేగంగా పోయే ప్రతిదీ సాతానుదే అన్నట్టు బోధించేవాళ్లు ఉన్నారు, నేను ఆ వరుసలో నిలబడను. యంత్రం యంత్రమే. అది ఎవరి చేతిలో, ఎప్పుడు, ఏ రోడ్డు మీద అన్నదే నా ప్రశ్న.

మొదటి రాజుల గ్రంథము మొదటి అధ్యాయము 5, 6 వచనాలు తీసి చదవండి. దావీదు ముసలివాడై మంచం పట్టిన రోజులు. అతని కొడుకు అదోనీయా తానే రాజునవుతానని రథాలను, గుర్రపు రౌతులను సిద్ధం చేసుకున్నాడు. ముందు పరుగెత్తడానికి యాభైమంది మనుషులను పెట్టుకున్నాడు. చూడటానికి చాలా అందగాడు కూడా. ఆ వెంటనే వాక్యము ఒక సంగతి చెప్తుంది, తండ్రులు దాని దగ్గర ఆగాలి. "ఎందుకిలా చేస్తున్నావు" అని తండ్రి అతన్ని ఒక్కనాడూ అడగలేదట, అడిగి అతని మనసు నొప్పించలేదట. గొల్యాతు ముందు నిలబడిన దావీదుకు ఇంట్లో కొడుకును ఒక్క ప్రశ్న అడగడం చేతకాలేదు. అంతకుముందు అబ్షాలోము కూడా అచ్చం ఇలాగే రథము, గుర్రాలు, యాభైమంది మనుషులతో తిరిగాడు (2 సమూయేలు 15:1). వాడి చావు కబురు విని దావీదు ఏడ్చిన ఏడుపు మనకు తెలుసు. అయినా రెండో కొడుకు రథం కట్టినప్పుడు కూడా అడగలేదు.

బండి షోరూములో ఉండగా అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మొదటిది బలం గురించి. మీ ఇంట్లో ఉన్న స్ప్లెండర్ ఇంజను 97 సీసీ, దాని బలం దాదాపు 8 హార్స్ పవర్. ఆర్15 ఇంజను 155 సీసీ, బలం సుమారు 18. డ్యూక్ 390కి 40 పైనే. అంటే స్ప్లెండర్‌కు అయిదింతలు. వ్యవసాయం చేసేవాళ్లకు వేరే లెక్క చెప్పనక్కరలేదు, పొలం దున్నే ట్రాక్టర్లు చాలావాటికి ఉన్నంత బలం అది. అంత బలాన్ని ఒక మనిషిని మోసే రెండు చక్రాల మీద పెట్టి, నిన్నటిదాకా సైకిలు తొక్కిన పిల్లవాడి కుడిచేతి మణికట్టుకు అప్పగిస్తున్నాం.

రెండోది రోడ్డు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు దాటుతుంది. ఎదురుగా ఏదో ఉందని కన్ను చూసి, మెదడుకు అర్థమై, చెయ్యి బ్రేకు మీదికి పోయేసరికి ఆ సెకను అయిపోతుంది. అప్పటికి బండి ఆగడం మొదలుకూడా కాలేదు. ఇక మన రోడ్ల మీద ఎదురుగా ఉండేది ఏమిటి? వానాకాలం పంట చేతికొచ్చిన నెలల్లో నకిరేకల్ వైపు పోయినా, మిర్యాలగూడ వైపు పోయినా సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. కుప్ప చుట్టూ రాళ్లు పేర్చి, పైన నల్ల టార్పాలిన్ కప్పుతారు. రాత్రిపూట అది దగ్గరికి వచ్చేదాకా కనపడదు. పాలమూరులో గొర్రెల మందలు. కల్వకుర్తి, దేవరకొండ వైపు పత్తి నింపుకొని, వెనక ఎర్రలైటు లేకుండా పోయే ట్రాక్టర్లు. మలుపు దగ్గర ఇసుక లారీ రాల్చిన ఇసుక. ఊరి ముందర ఎవరో సొంతంగా పోయించిన స్పీడ్ బ్రేకరు, దానికి తెల్లరంగు కూడా ఉండదు. ఈ బండ్లు పుట్టిందే రేసు పందెపు నున్నటి దారి కోసం. మన ఊరి దారిమీద బర్రెకు కూడా హక్కుంది.

మొన్న ఒక యువకుడు నాతో వాదించాడు. మంచి వాదనే, దాచను. "అయ్యగారూ, మీ పాత బండికి డ్రమ్ము బ్రేకులు. మా బండికి డిస్కు, ఏబీఎస్. ఏది సేఫ్?" నిజమే. 125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరి. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా అది ఆపుతుంది. 50 వేగంలో రెండు బండ్లూ పోతుంటే నేను కూడా ఏబీఎస్ ఉన్న బండినే ఎంచుకుంటాను. కానీ ఆ బండి కొనేది 50లో పోవడానికా? వీడియో తీసుకునే స్నేహితుడు వెనక కూర్చుంటే ముల్లు ఎంత దాకా పోతుందో ఆ యువకుడికీ తెలుసు, నవ్వి ఊరుకున్నాడు. ఇంకో సంగతి. కొత్తగా నేర్చుకునేవాడు తప్పులు చేస్తాడు, చెయ్యకుండా ఎవరూ నేర్చుకోలేదు. చిన్న బండి మీద కంగారులో యాక్సిలరేటరు తిప్పితే అది మూలిగి ముందుకు కదులుతుంది. పెద్ద బండి అదే తప్పుకు ఎగిరి దూకుతుంది. మోకాలు గీరుకుపోయే తప్పుకూ ప్రాణం తీసే తప్పుకూ తేడా చాలాసార్లు ఇంతే.

ఇప్పుడు కొన్ని ఇళ్ల పేర్లు చెప్తాను. ముందుగా లూకా సువార్త 13వ అధ్యాయము గుర్తుచేసుకుందాం. సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిదిమంది మిగతావాళ్లకంటే పాపులని అనుకోవద్దని ప్రభువే చెప్పాడు. కాబట్టి ఎవరి దుఃఖం మీదా నేను తీర్పు చెప్పడం లేదు. 2011 సెప్టెంబరులో క్రికెటర్ అజారుద్దీన్ గారి కొడుకు అయాజుద్దీన్, 19 ఏళ్లవాడు, 1000 సీసీ సుజుకీ మీద హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పైన పడిపోయాడు. వెనక కూర్చున్న 16 ఏళ్ల బంధువు కూడా పోయాడు. ఆ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలకు అనుమతే లేదు. అదే ఏడు డిసెంబరులో మన నల్గొండ కోమటిరెడ్డి వెంకటరెడ్డి గారి కొడుకు, ఇంజనీరింగ్ చదువుతున్న ప్రతీక్, అదే ఔటర్ మీద కారు ప్రమాదంలో చనిపోయాడు. నల్గొండలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ మీద ఆ బిడ్డ పేరు ఉంది. ఆ గేటు ముందునుంచి పోయే తల్లిదండ్రులు ఒకసారి తలెత్తి చదవండి. 2017 మేలో ఆంధ్ర మంత్రి నారాయణ గారి కొడుకు నిషిత్ జూబ్లీహిల్స్‌లో మెట్రో పిల్లరుకు కారు గుద్దుకొని స్నేహితుడితో పాటు పోయాడు. వీళ్లెవరికీ మంచి బండికి కొదవ లేదు. మంచి ఆస్పత్రికి తీసుకుపోయే స్తోమత లేక కాదు.

2021 సెప్టెంబరులో నటుడు సాయిధరమ్ తేజ్ కేబుల్ బ్రిడ్జి దాటి పోతూ ట్రయంఫ్ బైకు మీదినుంచి జారిపడ్డాడు. ముప్పై దాటిన, అనుభవం ఉన్న మనిషి. రోడ్డు మీద ఇసుక ఉంది. తలకు హెల్మెట్ ఉంది కాబట్టి ఈరోజు లేచి తిరుగుతున్నాడు, హెల్మెట్ పెట్టుకోండని పిల్లలకు చెప్తున్నాడు. అనుభవమున్నవాడికే ఇసుక మీద చక్రం నిలవనప్పుడు, నిన్న గేరు నేర్చుకున్నవాడికి?

చట్టం గురించి క్లుప్తంగా. గేరు బండికి 18 నిండాలి. 16 ఏళ్లకు ఇచ్చే లైసెన్సు 50 సీసీ లోపు, గేరు లేని బండికి మాత్రమే. మైనరు బండి నడిపి నేరం జరిగితే, 2019లో చేర్చిన 199ఏ సెక్షను ప్రకారం తండ్రిని లేదా బండి యజమానిని బాధ్యుణ్ణి చేస్తారు. మూడేళ్లదాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. "మా ఊర్లో ఎవరు పట్టుకుంటరు అయ్యగారూ" అని నవ్వేవాళ్లకు ఒక్క మాట. బండి నాయన పేరు మీద కొంటారు. దానితో వచ్చే 15 లక్షల ప్రమాద బీమా, లైసెన్సు ఉన్న యజమాని నడుపుతున్నప్పుడు యజమానికి మాత్రమే వర్తిస్తుంది. కొడుకుకు కాదు. కొడుకు లైసెన్సు లేకుండా ఎవరినైనా గుద్దితే కంపెనీ బాధితులకు కట్టిన డబ్బును తర్వాత మీ దగ్గర వసూలు చేయవచ్చు. రెండెకరాలు ఉంటే రెండెకరాలూ పోతాయి.

ద్వితీయోపదేశకాండము 22:8లో దేవుడు ఇల్లు కట్టుకునేవాడికి ఒక ఆజ్ఞ ఇచ్చాడు. మిద్దెకు పిట్టగోడ కట్టాలి, లేకపోతే దానిమీదినుంచి పడినవాడి రక్తం ఆ ఇంటిమీదికి వస్తుంది. పడినవాడు అజాగ్రత్తగా ఉన్నాడా అని దేవుడు అడగలేదు. గోడ కట్టావా అని ఇంటి యజమానిని అడిగాడు.

నాకు అన్నిటికంటే బరువైన సంగతి ఇది. చాలామంది తండ్రులు ఇష్టపడి కొనడం లేదు. భయపడి కొంటున్నారు. "కొనియ్యకపోతే సస్త అంటుండు అయ్యగారూ, ఒక్కగానొక్క కొడుకు." ఈ మాట చెప్పేటప్పుడు తండ్రి గొంతు వణుకుతుంది. పొలానికి మందు కొట్టే ఇళ్లు మనవి, ఆ భయం ఊరికే వచ్చింది కాదు. ఇలాంటి మాట విన్న తల్లిదండ్రులారా, ఉత్త బెదిరింపు అని కొట్టిపారేయవద్దు, తిట్టవద్దు. అలాగని ఆ రాత్రే ఫైనాన్సు కాగితాల మీద సంతకమూ పెట్టవద్దు. ముందు పురుగుల మందు డబ్బాలు ఇంట్లోనుంచి తీసి వేరేచోట తాళం వేయండి. బిడ్డను ఒంటరిగా వదలకండి. ఆ మాట వెనక బండి కాకుండా ఇంకేం ఉందో నెమ్మదిగా అడగండి. ఒక్కోసారి మార్కులు, ఒక్కోసారి ప్రేమ, ఒక్కోసారి కాలేజీలో పడ్డ అవమానం. 14416 అనే టెలిమానస్ నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. మాకూ ఫోన్ చేయండి. అర్ధరాత్రి అయినా నేనూ అమ్మగారూ వస్తాం. డాక్టరు దగ్గరికి పోవడం విశ్వాసం తక్కువై కాదు. బండి కొనిస్తే ఆ బాధ పోదు, బాధతో పాటు బండి కూడా వాడి చేతిలో ఉంటుంది.

మరి పిల్లవాడికి బండే వద్దా? కావాలి. కాలేజీ దూరం, బస్సు వేళకు రాదు, నాకు తెలుసు. అదే మొదటి రాజుల గ్రంథములో ఇంకొంచెం కిందికి పోండి, 33 నుంచి 38 వరకు. అదోనీయా రథాల మీద తిరుగుతుండగా, దావీదు సొలొమోనును రాజుగా అభిషేకించమని చెప్తూ అతన్ని దేనిమీద ఎక్కించమన్నాడు? కొత్త రథం తెప్పించలేదు. తన సొంత కంచరగాడిద మీద. రోజూ తండ్రిని మోసిన జంతువు. రాజు కాబోయేవాడు నాయన పాత బండి ఎక్కి గీహోనుకు పోయాడు. జనం నవ్వలేదు, సంతోషంతో నేల దద్దరిల్లేలా కేకలు వేశారు.

మన ఇళ్లలో నాయన కంచరగాడిద పాత స్ప్లెండరో, షైనో. ఓ రెండేళ్లు దానిమీద నడపనివ్వండి. చైను బిగించడం, పెట్రోలు లెక్క, వానలో జారకుండా పోవడం, అన్నీ అదే నేర్పుతుంది. అమెరికాలో ఉండి ఇది చదివే మన బిడ్డల సంగతీ ఇంతే. అక్కడ పదహారుకే లైసెన్సు వస్తుంది, కొడుకు మస్టాంగ్ అడుగుతున్నాడని ఫోన్లు చేస్తారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో కొత్తగా లైసెన్సు పొందిన పిల్లలు రాత్రి ఆలస్యంగా నడపకూడదని, తోటి పిల్లలను ఎక్కించుకోకూడదని హద్దులు ఉన్నాయి. ఆ రెండు హద్దులూ మన ఊర్లో తండ్రులు ఇంట్లో పెట్టుకుంటే ఎవరు కాదంటారు?

రెండేళ్ల తర్వాత, సొంత జీతంతో, తన లైసెన్సుతో వాడు ఏ బండి కొనుక్కున్నా నేను సంతోషంగా ప్రార్థన చేస్తాను. నేను అన్ని బండ్లకూ ప్రార్థన చేసేవాణ్ణే. కానీ ఇకనుంచి ఆరాధన తర్వాత కొత్త బండి తాళాలు నా చేతికి ఇచ్చేటప్పుడు మూడు సంగతులు చూస్తాను. నడిపే బిడ్డ లైసెన్సు. రెండు హెల్మెట్లు, ముందు ఒకటి, వెనక ఒకటి. మూడోది, ఆ బిడ్డ వాళ్ల అమ్మను వెనక కూర్చోబెట్టుకొని గుడిదాకా రావాలి. ఎత్తయిన చిన్న సీటు, పట్టుకోవడానికి ఏమీ లేదు, చీర గార్డు పీకేశారు, ఆమె ఎక్కలేకపోయింది అనుకోండి. ప్రార్థన ఇంకో ఆదివారం పెట్టుకుందాం, ఆ రోజుకు వాళ్ల నాయన బండి వేసుకొని ఇంటికి పోతారు.