గొలుసు ఒక్కటి మారిస్తే చాలదు

కొవ్వూరు నుంచి తాళ్ళపూడి, గూటాల మీదుగా పట్టిసీమ వచ్చే దారిలో మోటారు సైకిలు నడిపేవారికి ఇసుక సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఎండాకాలంలో గోదావరి మీద గాలి లేస్తే కళ్ళలో పడుతుంది. ఇసుక లారీ వెనుక పడితే నోట్లో పడుతుంది. కంట్లో పడినది తుడుచుకుంటాం. బండి చైనులో పడినది మాత్రం ఎవరూ చూడరు. అది గ్రీజుతో కలిసి, ఆకురాయిలా లోపలి పిన్నులను రాచుతూనే ఉంటుంది.

‘చైను సాగింది’ అని మనం అంటూ ఉంటాం. నిజానికి అది రబ్బరులా సాగేది కాదు. ప్రతి లింకులోనూ పిన్ను, బుష్షు వెంట్రుకవాసి అరుగుతాయి. వందకు పైగా ఉన్న లింకుల అరుగుదల కలిసి చైను పొడవవుతుంది. 1880లో ఇంగ్లండులో హాన్స్ రెనాల్డ్ రూపొందించిన రోలరు చైను పద్ధతే ఈనాటి బండ్లలోనూ ఉన్నది. మన వైపు తిరిగే చిన్న బండ్లలో చాలావాటికి లింకుకూ లింకుకూ నడుమ దూరం అరంగుళం. స్ప్రాకెట్టు పళ్ళు కూడా ఆ కొలతకే కోసి ఉంటాయి. చైను పొడవైతే ఆ లెక్క తప్పుతుంది. పళ్ళు ఒకవైపే అరిగి కొక్కేల్లా వంగుతాయి.

ఇందులో మొదట దెబ్బతినేది ముందు స్ప్రాకెట్టు. ముందు 14 పళ్ళు, వెనుక 42 పళ్ళు ఉన్న బండిని తీసుకోండి. వెనుక చక్రం ఒక చుట్టు తిరిగేలోగా ముందుది మూడు చుట్లు తిరగాలి. అంటే దాని ఒక్కొక్క పన్ను మూడింతల చాకిరీ చేస్తున్నదన్న మాట. పైగా అది ఇంజను పక్కన మూత కింద ఉంటుంది. కనపడని దానిని ఎవరు పట్టించుకుంటారు?

నేనూ పట్టించుకోలేదు. క్రితం సారి మెకానిక్ మూడూ మారుద్దామంటే, ‘చైను ఒక్కటి వెయ్యవయ్యా, తక్కినవి బాగానే ఉన్నాయి’ అన్నాను. నాలుగు నెలలు తిరగకుండానే కొత్త చైను టకటకమనడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం ఇంటావిడను వెనుక కూర్చోబెట్టుకుని గట్టు ఎక్కుతుండగా చైను పళ్ళమీద జారింది. ఇంజను అరుస్తున్నది, బండి కదలదు. వెనుక లారీ. డ్రైవరు జాగ్రత్తపరుడు కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. ఆ చైనే తెగి వెనుక చక్రంలో చుట్టుకుంటే, చక్రం బిగుసుకుని బండి పడిపోయేది.

ఈసారి చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి తెచ్చి, నా చేతులతో నేనే మార్చాను. మొదటి తప్పు వెంటనే జరిగింది. పాత చైను ముందే ఊడదీశాను. ఇక ముందు స్ప్రాకెట్టు నట్టు ఎంత తిప్పినా దానితోపాటే స్ప్రాకెట్టూ తిరుగుతుంది! పాత చైను మళ్ళీ ఎక్కించి, గేరులో పెట్టి, వెనుక బ్రేకు నొక్కిపట్టిస్తే గాని నట్టు వదలలేదు. చైను లాకు క్లిప్పు మూసిన కొస చైను పరుగెత్తే వైపుకు ఉండాలి. వెనుక ఇరుసుకు రెండు వైపులా గుర్తులు సమంగా ఉండాలి. చైను వదులు బండి పుస్తకంలో చెప్పినంత ఉండాలి. చాలా చిన్న బండ్లకు అది ఇంచుమించు ఒక అంగుళం. మెకానిక్ గంటలోపు చేసే పనికి నాకు ఒక పూట పట్టింది. అతని కూలి ఎక్కువని ఇకమీదట అనను.

పాత ముందు స్ప్రాకెట్టును కొత్తదాని పక్కన పెట్టి చూసినప్పుడు గాని నా పొదుపు విలువ తెలిసిరాలేదు. సెట్టుకు డబ్బు ఎక్కువవుతుందనేది నిజమే. కాని అరిగిన పళ్ళమీద కొత్త చైను వేస్తే ఆ చైనూ త్వరగా పోతుంది. చివరకు రెండుసార్లు ఖర్చు. బీదవాడికి దండుగ అదే.

అందరూ పానాలు పట్టాలని నేననను. ఒక్కసారైనా దగ్గర కూర్చుని చూడాలంటాను. వెనుక స్ప్రాకెట్టు వద్ద చైనును వెనక్కు లాగి చూడండి. పన్ను సగం బయటపడితే దాని కాలం తీరినట్టే. వారానికోసారి ఇంజను ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ చైను తుడిచి నూనె వేయండి. ఇంజను నడుస్తుండగా గుడ్డ పెడితే వేళ్ళు పోతాయి. మెకానిక్కులు కూడా తీసిన పాత సామాను బండివారి చేతిలో పెట్టి చూపించాలి. కళ్ళతో చూసినవాడు ఇక బేరమాడడు.

శివరాత్రికి వీరభద్రస్వామి దర్శనానికి ఎక్కడెక్కడి నుంచో ఇద్దరేసి ముగ్గురేసి బండ్లమీద వస్తారు. ఆ ముందు ఆదివారం ఊరి యువకులు, మెకానిక్కులు కలిసి రేవు దగ్గర ఒక పూట వచ్చిన బండ్ల చైన్లు చూసిపెడితే ఎంతో మేలు. పూర్వం మన రైతు బండి కట్టేముందు ఇరుసుకు కందెన ఉన్నదా అని తానే వంగి చూసుకునేవాడు. ఎద్దులు పోయాయి గాని, వంగి చూసుకోవలసిన అవసరం పోలేదు.