చిన్న సినిమా, పెద్ద నటి

ఈ నెల ముఖచిత్ర కథనం అమెరికన్ నటి బెవర్లీ గార్లాండ్ (1926–2008) గురించి. 1950లలో రోజర్ కోర్మన్ లాంటి దర్శకులు కొద్దిపాటి డబ్బుతో, కొద్ది రోజుల్లోనే సినిమాలు చుట్టేసేవారు. రీటేకులకు తీరిక ఉండేది కాదు. అలాంటి చోట తొలి టేకులోనే పాత్రను నిలబెట్టగల నటులే సినిమాకు పెట్టుబడి.

1956 నాటి 'గన్‌స్లింగర్'లో మార్షల్ అయిన భర్తను దుండగులు చంపేస్తారు. ఆ బ్యాడ్జి తానే పెట్టుకుని ఊరి కాపలాకు దిగే భార్య గార్లాండ్. అదే ఏడాది 'ఇట్ కాంకర్డ్ ది వరల్డ్'లో తుపాకీ పట్టుకుని గ్రహాంతర జీవి గుహలోకి ఒంటరిగా వెళ్తుంది. ఆ జీవి బొమ్మను చూసి ఇవాళ పసిపిల్లలు కూడా జడుసుకోరు. ఆమె కోపాన్ని మాత్రం ఇప్పటికీ నమ్ముతాం.

1957లో మొదలైన 'డికాయ్' సీరియల్లో ఆమె న్యూయార్క్ పోలీసు కేసీ జోన్స్. అమెరికన్ టీవీలో మహిళా పోలీసే కథానాయికగా వచ్చిన తొలి ధారావాహికల్లో అదొకటి. కథ ముగిశాక కెమెరా వైపు తిరిగి ప్రేక్షకులతో సూటిగా మాట్లాడేది కేసీ. తర్వాత 'మై త్రీ సన్స్'తో సహా ఎన్నో సీరియళ్లలో దశాబ్దాల పాటు గార్లాండ్‌కు చేతినిండా పని దొరికింది.

సినిమా చరిత్రను బడ్జెట్లతోనూ బహుమతులతోనూ కొలిస్తే ఇలాంటివారు లెక్కలోకి రారు. వారిని లెక్కలోకి తేవడం పత్రికల బాధ్యత. చదవండి, వీలైతే ఆ సినిమాలు చూడండి, మీ అభిప్రాయం రాయండి.

– సంపాదకుడు