కాంటెస్సా కొనాలంటే జేబులో అయస్కాంతం ఉండాలి

శ్రీముఖలింగం నుంచి వైజాగ్ వెళ్లి ఉద్యోగంలో స్థిరపడ్డ కుర్రాడొకడు ఉన్నాడనుకుందాం. ఓ ఆదివారం పర్లాకిమిడిలో, ఓ రేకుల షెడ్డు కింద దుమ్ముకొట్టుకుపోయిన కాంటెస్సా అతని కంటబడింది. పొడవాటి ముక్కు, వెడల్పాటి వెనక భాగం. మనసు ఆగలేదు. ఇంటికొచ్చి చెబితే తండ్రి ఒకటే మాటన్నాడు... ‘ఏటి నాయినా, ఆ పాత ఇనుముకి డబ్బు తగలేత్తావా?’

తండ్రి ప్రశ్న సబబే. మోజుకు లెక్కలు తెలియవు. అందుకే ఆ లెక్కలేవో అడ్వాన్సు ఇవ్వకముందే వేసుకోవాలి.

గోవాలో తయారైన శాన్ స్టార్మ్ లాంటి ఒకటీ అరా తప్ప మన దేశంలో అచ్చమైన స్పోర్ట్స్ కార్లు పెద్దగా తయారు కాలేదు. ఆ ముచ్చట చాలామందికి కాంటెస్సాతోనే తీరింది. బ్రిటన్‌ వారి వాక్స్‌హాల్ విక్టర్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ దీన్ని 1984లో తెచ్చింది. మొదట్లో అంబాసిడర్‌కున్న 1.5 లీటర్ల ఇంజినే దీనికీ పెట్టారు. అంత పెద్ద బండికి అది చాలలేదు. 1.8 లీటర్ల ఇసుజు ఇంజిన్ వచ్చాకే అసలు జోరు. 2002లో తయారీ ఆగిపోయింది. అంటే, ఇప్పుడు ఏ కాంటెస్సా కొన్నా 20 ఏళ్లు దాటిందే!

రంగు చూసి మోసపోవద్దు

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పాత కారుకు మొదటి శత్రువు తుప్పు. పైన పుట్టీ పెట్టి రంగేస్తే కంటికి కనిపించదు. మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని తలుపుల కింది భాగంలో, చక్రాల పైనుండే వంపుల్లో ఆనించి చూడండి. అంటుకోకపోతే అక్కడున్నది రేకు కాదు, పుట్టీ. లోపల కార్పెట్ ఎత్తి, బ్యాటరీ కింద కూడా చూడాలి. అడుగు రేకు చిల్లులు పడిన బండి ఎంత చవగ్గా వచ్చినా వద్దు. అందులో కూర్చోవాల్సింది ఇంటిల్లిపాదీ.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే అనుమానించాల్సిందే. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, సిలిండర్లలోకి నీళ్లు చేరుతుండవచ్చు.

అయినా ఇంజిన్‌కు మందుంది. ఇదే ఇసుజు ఇంజిన్ తర్వాత అంబాసిడర్‌లోనూ వచ్చింది కాబట్టి సామాన్లు వెతికితే దొరుకుతాయి. అద్దాలు, లైట్లు, బంపర్లు పోతే మాత్రం దొరకడం గగనం. కాబట్టి ఇంజిన్ కాస్త నలతగా ఉన్నా ఫర్వాలేదు, బాడీ పూర్తిగా ఉన్న బండినే ఎంచుకోవాలి.

కాగితాలు పక్కాగా...

ఆర్‌సీలోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. ఒడిశా బండిని ఇక్కడ నడుపుకోవాలంటే అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, పన్ను తప్పవు. 15 ఏళ్లు దాటిన కారుకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండ్లకే. కాంటెస్సాకు ఇంకా ఆ వయసు రాలేదు.

ముందు బ్రేకులు... తర్వాతే సోకులు

కొన్నాక కుర్రాళ్ల చూపు మొదట సైలెన్సర్ మీదికీ, వెడల్పు టైర్ల మీదికీ పోతుంది. కానీ ముందు మార్చాల్సినవి బ్రేకుల రబ్బరు సామాన్లు, బ్రేక్ ఆయిల్, రేడియేటర్ పైపులు. టైరు పక్కన ఉండే నాలుగంకెలు చూడండి. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. అరుగుదల లేకపోయినా పాతబడిన టైరు నమ్మదగింది కాదు. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత రబ్బరును పాడుచేస్తుంది, తేమనూ పీల్చుకుంటుంది. అందుకే ఇంధన పైపులు మార్పించాలి, ట్యాంకులో పెట్రోల్‌ను నెలల తరబడి నిల్వ ఉంచకూడదు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదు. సుప్రీంకోర్టు 2019లో అదే చెప్పింది. ఇంజిన్ మార్చాలంటే ముందే అనుమతి కావాలి. రంగు మారిస్తే ఆర్‌సీలో రాయించుకోవాలి.

ఈ పాఠం శ్రీముఖలింగం వాళ్లకు కొత్తేమీ కాదు. తూర్పు గాంగుల నాటి మధుకేశ్వరాలయం ఊళ్లోనే ఉంది. ఎంత మరమ్మతు చేసినా రూపు చెడకూడదన్నదే అక్కడా నియమం.

చివరిగా ఒక్క మాట. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బండి ఇదే అయ్యేట్టయితే తండ్రి మాటే వినాలి. ఆస్పత్రికి వెళ్లాల్సిన రాత్రి పాత కారు మొరాయిస్తే ఆ ముచ్చట కాస్తా తీరిపోతుంది. రెండో బండిగా కొనేట్టయితే, కొన్న ధరకు సమానమైన మొత్తం మరమ్మతులకు పక్కన పెట్టుకోవాలి. బేరానికి వెళ్లేటప్పుడు ఓ మెకానిక్‌నీ, తండ్రినీ వెంటబెట్టుకెళ్లడం మేలు. కారు మీద మోజు లేని మనిషి ఒకరు పక్కనుంటేనే తుప్పు కంటికి కనిపిస్తుంది.