చేతికివ్వకండి, కింద పెట్టండి

గుంటూరు దగ్గర ఓ మిర్చి కోల్డ్ స్టోరేజీలో చాలా ఏళ్ళు లెక్కలు రాశాను. అన్నేళ్ళూ నా చొక్కా జేబులో పెన్నుంటే ప్యాంటు జేబులో ఓ మడత చాకు ఉండేది. కర్ర పిడి, మూడంగుళాల బ్లేడు. నిమ్మకాయ కోస్తే నల్లబడే రకం ఇనుము. దానితో నేను కోసినవాటికంటే మా వాళ్ళు అడిగి పట్టుకెళ్ళి కోసినవే ఎక్కువ.

దసరా వచ్చిందంటే దానికి మరీ గిరాకీ. ఆయుధపూజ నాడు కాటాలు, దబ్బనాలు, హమాలీల కొక్కేలు, కత్తెరలు, ఆఖరికి ఆఫీసులో స్టేప్లరుతో సహా అన్నీ తుడిచి, పసుపూ కుంకుమా అద్ది బల్ల మీద వరసగా పేర్చేవాళ్ళు. మర్నాటిదాకా వాటిని ముట్టుకోకూడదు. హారతి అయిన పది నిమిషాలకి మిఠాయి పెట్టెలు దిగేవి. ఒక్కోదానికి మూడు చుట్ల ప్లాస్టిక్ టేపు. గోళ్ళతో గీకి, పళ్ళతో కొరికి, చివరికి మా స్టోరు గుమాస్తా నా బల్ల దగ్గరికి వచ్చేవాడు. "సారూ, మీ చాకు ఒకసారి ఇస్తారా? మీదెటూ పూజలో పెట్టలేదు కదా!" నాస్తికుడి చాకుకి మడీ లేదు, సెలవూ లేదు.

సరే అని తీసి ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. "చేతికివ్వకండి సార్, బల్ల మీద పెట్టండి. మనిద్దరికీ గొడవలొస్తాయి."

అజ్ఞాతవాసం చివర అర్జునుడు జమ్మిచెట్టు మీంచి గాండీవం దింపించుకుని, ఆ రోజే దాన్ని ఎక్కుపెట్టి, ఆ రోజే కౌరవుల్ని తరిమాడు. ఆ కథ చెప్పుకుంటూనే మనం ఆ పండుగ పూట పనిముట్టుకి సెలవిస్తాం. ఆ మాటంటే గుమాస్తా నవ్వేవాడు. చాకు మాత్రం బల్ల మీద పెట్టాకే తీసుకునేవాడు.

చేతికి ఇవ్వకూడనివాటి జాబితా మన ఇళ్ళల్లో పెద్దదే. చాకు, కత్తెర, సూది, ఉప్పు, మిరపకాయలు, నువ్వులు, నూనె. కత్తెర ఊరికే ఆడించినా ఇంట్లో పోట్లాటలే. ఈ జాబితాని కాస్త నిలబెట్టి చూడండి. చాకూ సూదీ గుచ్చుకుంటాయి, ఒప్పుకుందాం. ఉప్పు ఎవర్ని కోసింది? ఇక మిరపకాయల సంగతి గుంటూరులో మాట్లాడితే నవ్వుతారు. సీజన్లో ఒక్కరోజే లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దాటి వచ్చే యార్డు అది. టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి, వాసన చూసి, పక్కవాడి చేతిలో పెడతారు. పొద్దుట్నుంచి సాయంత్రందాకా అదే పని. ఈ లెక్కన ఆ ఊళ్ళో ఎవరికీ ఎవరితోనూ మాటలుండకూడదు. గొడవలు అక్కడా ఉన్నాయి. అవి ధర దగ్గర వస్తాయి, తేమ దగ్గర వస్తాయి, తూకం దగ్గర వస్తాయి.

ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో మన మాటల్లోనే ఆచూకీ దొరుకుతుందని నా అనుమానం. కోపమొచ్చినవాళ్ళు 'కారాలు మిరియాలు నూరుతారు'. పగబట్టినవాళ్ళు 'కత్తులు నూరుతారు'. భాషలో పోలికగా ఉన్నది చేతిలో పడగానే నిజమైపోతుందనే భయం. జేమ్స్ ఫ్రేజర్ 1890లో అచ్చువేసిన 'ది గోల్డెన్ బౌ'లో దేశదేశాల మంత్రతంత్రాల్ని పోగేసి, వాటికింద ఉన్న ఒక పొరపాటుని పట్టుకున్నాడు: పోలిక ఉంటే సంబంధం ఉన్నట్టే అనుకోవడం. కోసేది చుట్టరికాన్నీ కోస్తుంది, మండేది మనసునీ మండిస్తుంది. ఇంగ్లండులో చాకు కానుకగా ఇస్తే స్నేహం తెగుతుందని ఎదుటివాళ్ళ దగ్గర ఓ చిన్న నాణెం పుచ్చుకుంటారు, కొన్నట్టు లెక్క. "చూశారా, వాళ్ళు కూడా నమ్ముతారు" అంటాడు మా గుమాస్తా. ఒకే పొరపాటు రెండు దేశాల్లో జరిగితే అది పొరపాటు కాకుండా పోదు.

చదువుకున్నవాళ్ళ వాదన వేరు. "మన పెద్దలు ఊరికే చెప్పలేదండీ. చేతులు మారేటప్పుడు తెగుతుందని కింద పెట్టమన్నారు. జనం వినరని గొడవలన్నారు. ప్రతి ఆచారం వెనకా సైన్స్ ఉంది" అంటారు. ఈ మాటని చాలాకాలం నేనూ సగం ఒప్పుకున్నాను. చాకు విషయంలో అందులో కొంత పస ఉందని ఇప్పటికీ అంటాను. మనసు మారింది ఓ సాయంత్రం లారీ దగ్గర.

పల్నాడు వైపునుంచి సరుకు దిగుతోంది. శాంపిల్ కోసం టిక్కీ కుట్టు కొయ్యాలి. గుమాస్తా నా చాకు అడిగి తీసుకుని పురికొస తెంపాడు, కాయలు చూశాడు. ఈలోగా ముఠా మేస్త్రి ఇంకో టిక్కీ దగ్గర్నుంచి "అన్నా, ఆ చాకు ఇటియ్యి" అన్నాడు. చేతికివ్వకూడదు కదా. గుమాస్తా దాన్ని తెరిచినది తెరిచినట్టే టిక్కీ మీద పెట్టాడు, పదును పైకి, చుట్టూ రాలిన కాయలు, గోనె పీచు. మేస్త్రి లారీ డ్రైవరుతో మాట్లాడుతూ, ఇటు చూడకుండా అరచెయ్యి వేశాడు. బొటనవేలి మొదట్నుంచి చిటికెన వేలి కిందదాకా తెగింది. తెగినచోట మిరప కారం. ఆ మనిషి అరవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి పైకెత్తి, నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటూ ఉండిపోయాడు.

ఫస్ట్ ఎయిడ్ పెట్టె తాళం మేనేజరు దగ్గరుంది. తెరిస్తే అందులో హారతి కర్పూరం, అగ్గిపెట్టె, కుంకుమ పొట్లం, ఎండిపోయిన దూది ఉన్నాయి. ఎవరో కాఫీపొడి తెచ్చారు, ఇంకెవరో పసుపు. రెండూ వద్దని కుళాయి కింద చెయ్యి పెట్టించి, కారం కడిగి, శుభ్రమైన తువ్వాలు మడిచి గట్టిగా నొక్కిపెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఏడు కుట్లు, ఓ టీటీ ఇంజెక్షను.

చూడండి, ఆచారాన్ని ఇక్కడ అక్షరాలా పాటించారు. అది ఇచ్చిన మాటా నిలబెట్టుకుంది. గుమాస్తాకీ మేస్త్రికీ గొడవ రాలేదు. కుట్లు మాత్రం పడ్డాయి. 'కోసుకుంటుంది, జాగ్రత్త' అని అసలు కారణం చెప్పి ఉంటే గుమాస్తా చాకు మడిచేవాడు. మేస్త్రి ఇటు తిరిగేదాకా ఆగేవాడు. గొడవొస్తుందన్న భయానికి మడతతో పనిలేదు, పదును ఎటుందో పట్టదు. కారణం తప్పయితే, ఆచారం మంచిదే అయినా సగమే చేస్తారు. వదిలేసిన ఆ సగంలోనే అరచెయ్యి తెగింది.

ఆపరేషన్ థియేటర్లలోనూ ఇదే పద్ధతి ఉంది. సర్జనూ నర్సూ స్కాల్‌పెల్ చేతికి చెయ్యి అందించుకోకుండా, మధ్యలో ఓ ట్రేలో పెట్టి తీసుకోవాలని చాలాచోట్ల నియమం. ఒకే వాడి పరికరం మీద ఇద్దరి చేతులు ఒకేసారి ఉండకూడదు. పెట్టేవాళ్ళు పెట్టామని నోటితో చెప్పాలి. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ లాంటివి ఒకరి రక్తంలోంచి ఇంకొకరికి పోకుండా ఈ ఏర్పాటు. వాళ్ళ ట్రేకీ మా టిక్కీకీ తేడా అంతా కారణంలోనే ఉంది. వాళ్ళకి కారణం తెలుసు కాబట్టి ఎన్ని గాయాలయ్యాయో లెక్క రాసుకుంటారు. లెక్క పెరిగితే పద్ధతి దిద్దుకుంటారు. మా దగ్గర ఆ సాయంత్రం వెలువడిన తీర్పు ఏమిటో తెలుసా? "ఆ చాకుకి బొట్టు పెట్టలేదు, అందుకే రక్తం కళ్ళజూసింది." పైగా ఆ రోజు మంగళవారం. కింద పెడితే ఏమీ కాకపోతే ఆచారం గొప్ప. కింద పెట్టినా తెగితే వారం చెడ్డది, చాకు చెడ్డది. ఇలాంటి నమ్మకాన్ని ఓడించడానికి పోటీయే ఉండదు.

టీటీ సూది దగ్గర ఇంకో ముచ్చట. "చాకు తుప్పు పట్టలేదు కదా సార్, సూదెందుకు?" అని మేస్త్రి అడిగాడు. తుప్పుకీ ధనుర్వాతానికీ సంబంధం లేదు. ఆ జబ్బు తెచ్చే క్లాస్ట్రిడియం టెటానీ మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది. గాలి తగలని లోతు గాయం దానికి మంచి చోటు. తళతళలాడే చాకుకి మట్టి అంటినా చాలు.

ఇనుము మీద మన నమ్మకాల్లో నన్ను నిజంగా బాధపెట్టేది ఇక్కడే ఉంది. పురిటి గదిలో బాలింత దిండు కింద కత్తి పెడతారు, గాలీ ధూళీ దగ్గరికి రాకుండా. ఇనుమంటే దయ్యాలకు భయమట. ఒకప్పుడు అదే ఇంట్లో మంత్రసాని చేతికందిన కొడవలితోనో పాత బ్లేడుతోనో బొడ్డు కోసేది. కోసినచోట బూడిదో పేడో అద్దేవాళ్ళు. వారం తిరిగేసరికి బిడ్డ పాలు తాగడం మానేసి, దవడలు బిగుసుకుని, ఒళ్ళు విల్లులా వంగిపోయేది. బాలగ్రహం సోకిందని తాయెత్తు కట్టేవాళ్ళు. దిండు కింద ఇంకో కత్తి చేరేది. పసికందుని చంపింది బొడ్డు కోసిన ఇనుమూ దాని మీద అద్దిన పేడా. కాపలా కూడా ఇనుముదే. దాన్ని ఆపింది గర్భిణులకు వేసిన టీకా, కొత్త బ్లేడు, సబ్బుతో కడిగిన చేతులు. నవజాత ధనుర్వాతాన్ని నిర్మూలించిన రాష్ట్రంగా దేశంలో మొదట నిలిచింది 2003లో మన ఆంధ్రప్రదేశే. దేశం మొత్తానికి ఆ మాట 2015లో దక్కింది. నిర్మూలన అంటే ప్రతి జిల్లాలోనూ వెయ్యి జననాలకు ఒక్క కేసు కంటే తక్కువే ఉండటం. ఇంత గొప్ప సంగతికి మన దగ్గర ఏ పండుగా లేదు.

గ్రహణం రోజు మా కంప్యూటరు అమ్మాయి, అప్పుడు నెలలు నిండుతున్నాయి, పార్సిలు విప్పడానికి చాకు ఇస్తే ముట్టుకోలేదు. బిడ్డకి గ్రహణం మొర్రి వస్తుందని. పై పెదవి అతుక్కునేది గర్భంలో నాలుగు నుంచి ఏడో వారంలోపే. చాలామందికి అప్పటికి కడుపుతో ఉన్నామనే తెలియదు. ఆ మాట చెప్పాను. విన్నది. పార్సిలు నేనే విప్పాను. ఆ వయసులో, ఆ భయంలో ఉన్న పిల్లతో అంతకంటే వాదించబుద్ధి కాలేదు. నా తోటి హేతువాదులు కొందరు ఇది మెతకతనం అన్నారు. కావచ్చు.

మళ్ళీ గుమాస్తా దగ్గరికి వస్తాను. రోజుకి పాతిక టిక్కీల కుట్లు విప్పే మనిషి దగ్గర సొంత చాకు ఎందుకు లేదు? అడిగితే ముందు "జేబులో కత్తుంటే పోలీసులు పట్టుకుంటారు సార్" అన్నాడు. ఆయుధ నిబంధనల్లో లైసెన్సు జాబితాకెక్కిన కత్తులంటే 9 అంగుళాల కంటే పొడవో 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్నవి. ఇంటికీ సేద్యానికీ పరిశ్రమకీ చేసినవాటిని అందులోంచీ మినహాయించారు. అది చెబితే "శనివారం ఇనుము కొనకూడదు, మిగతా రోజుల్లో తీరిక లేదు" అన్నాడు. చివరికి అసలు సంగతి బయటపడింది: "ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది కదా సార్." దేవుడి పేరు లేకపోయినా ఇదీ నమ్మకమే. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో కుంకుమ పెట్టినవాడిదీ ఇదే ధీమా. ఎవరో చూసుకుంటారు.

నా చాకు మొన మూడుసార్లు విరిగింది. ఒకసారి రంగు డబ్బా మూత, ఒకసారి స్క్రూ, మూడోది ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడు మా ఆఫీసులో గట్టి గొడవే జరిగింది. "చెప్పాం కదా సార్, చేతికిచ్చారు" అన్నారు. చేతికిచ్చినందుకు కాదయ్యా, మొన లేకుండా తిరిగొచ్చినందుకు! స్విట్జర్లాండ్ సైన్యం 1891లో సిపాయిలకు మడత చాకు ఇచ్చినప్పుడు అందులో స్క్రూడ్రైవరూ డబ్బా మూత తీసే పరికరమూ కూడా పెట్టించింది. తుపాకీ విప్పాలి, డబ్బా తెరవాలి, వీటికి సిపాయి ఏదో ఒకటి వాడతాడని తెలుసు. ఫ్రాన్సులో ఒపినెల్ వాళ్ళు 1890 నుంచి చాకులు చేస్తున్నారు. వాడేటప్పుడు బ్లేడు మడుచుకుపోయి వేళ్ళు తెగకుండా 1955లో పిడి మెడకి తిరిగే రింగు ఒకటి తగిలించారు. పనిముట్టుకి ఇలా దిద్దుబాటు ఉంటుంది. 'కింద పెట్టు' అన్న మాట మాత్రం మా అమ్మమ్మ చెప్పినట్టే ఉంది, మడవమన్న మాట ఇంకా దానికి చేరలేదు.

ఆ లారీ సాయంత్రం తర్వాత నేను చాకు ఇచ్చే పద్ధతి మార్చాను. ఏం కోయాలో అడిగేవాణ్ణి. చాలామందికి కోపమొచ్చేది, ఇదేదో ఆస్తి రాసిస్తున్నట్టు. మడిచి, నేరుగా అరచేతిలో పెట్టేవాణ్ణి. మడిచే తిరిగి తీసుకునేవాణ్ణి. దిష్టి నిమ్మకాయ కోయడానికని అడిగినా ఇచ్చాను. నిమ్మకాయ వాళ్ళది, కోయడం వరకే చాకు పని. కోశాక తుడిచి ఇవ్వమన్నాను, పులుపుకి ఇనుము నల్లబడుతుందని. తుడిచే ఇచ్చేవాళ్ళు.

గుమాస్తా ఆఖరికి సొంతంగా ఓ కట్టర్ కొనుక్కున్నాడు, బుధవారం నాడు. ఆ దసరాకి దానికీ పసుపు రాసి, బొట్టు పెట్టి, బల్ల మీద పెట్టాడు. మిఠాయి పెట్టెలు రాగానే నా దగ్గరికి వచ్చాడు.