లినక్సుపై విండోస్ మాడింగు ఉపకరణాలు

కంప్యూటరు ఆటల దస్త్రాలను మార్చి కొత్త పాత్రలు, దృశ్యాలు, నియమాలు చేర్చడాన్ని మాడింగు అంటారు. ఇందుకు వాడే ఉపకరణాలలో అధికభాగం విండోస్ కొరకే తయారైనవి. వీటిని లినక్సుపై నడపడం ఒక పని, లినక్సులో ఉండి విండోస్ కొరకు నిర్మించడం మరొక పని. విండోస్ 10కు మైక్రోసాఫ్టు ఉచిత సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 కోరే టీపీఎం 2.0 లేని పాత కంప్యూటరుతోనే చదువు, ఆట రెండూ సాగించే మంచిర్యాల విద్యార్థికి ఇది కేవలం వినోదానికి సంబంధించిన విషయం కాదు.

వైన్, ప్రోటాన్

1993లో మొదలైన వైన్ ప్రాజెక్టు 2008లో 1.0 రూపాంతరాన్ని విడుదల చేసింది. విండోస్ ప్రోగ్రాము కోరే సేవలను ఇది తన సొంత గ్రంథాలయాల ద్వారా అందించి, లినక్సు చేత చేయిస్తుంది. వాల్వ్ సంస్థ 2018 ఆగస్టులో వెలువరించిన ప్రోటాన్ దీనిపైనే ఆధారపడినది. ప్రోటాన్‌లో ప్రతి ఆటకు ప్రిఫిక్స్ అనే ప్రత్యేక సంచయం ఉంటుంది. సీ డ్రైవు, రిజిస్ట్రీ రెండూ అందులోనివే. ఉపకరణాన్ని వేరొక ప్రిఫిక్సులో నడిపితే దానికి ఆట జాడ తెలియదు. కొత్తవారి చిక్కులు చాలావరకు ఇక్కడివే.

రెండవ చిక్కు పేర్లది. విండోస్‌లో "Textures", "textures" ఒకే సంచయం. లినక్సులో సాధారణంగా రెండు. వైన్ ఈ తేడాను కప్పిపుచ్చుతుంది గానీ, లినక్సు పద్ధతిలో విప్పిన దస్త్రాలు రెండు చోట్ల చేరితే కొన్ని ఆటకు కనిపించవు. 2019లో వెలువడిన లినక్సు 5.2 నుండి ఎక్స్‌ట్4 వ్యవస్థలో ఎంచుకున్న సంచయానికి ఈ భేదాన్ని తొలగించవచ్చును.

క్రాస్ కంపైలింగు

ఆటలోకి చొప్పించే డీఎల్ఎల్ విండోస్ ఆకృతిలోనే ఉండాలి. మింగ్‌డబ్ల్యూ-డబ్ల్యూ64 కంపైలరు దానిని లినక్సులోనే తయారుచేస్తుంది. సీ భాషలో వ్రాసినదైతే ఇబ్బంది తక్కువ. సీ++ అయితే మైక్రోసాఫ్టు కంపైలరు, మింగ్‌డబ్ల్యూ పేర్లను, తరగతులను అమర్చే తీరు వేరు కనుక, ఆట లోపలి తరగతులను నేరుగా తాకే ప్లగిన్ దెబ్బతింటుంది. అప్పుడు మైక్రోసాఫ్టు పద్ధతిని అనుసరించగల క్లాంగ్ కంపైలరే మేలు.

తెలుగునాట పోలిక

ఈ ఇరకాటం తెలుగు డీటీపీ కేంద్రాలకు పాతదే. పేజ్‌మేకరు, యూనికోడు కాని అను ఫాంట్లు, వాటి కీబోర్డు ఉపకరణం అన్నీ విండోస్‌కు ముడిపడినవి. మీట నొక్కులను మధ్యలో అందుకొనే ప్రోగ్రాము వైన్‌లో నడిచినా, లినక్సు సొంత కిటికీలకు దాని ప్రభావం చేరదు. పాత ఫాంట్ల పాఠ్యాన్ని యూనికోడులోకి మార్చే పద్మ, ఫైర్‌ఫాక్సు పొడిగింతగా వచ్చి, ముడిని వేరొక వైపు నుండి విప్పింది.

ఆటలలో అటువంటి ప్రయత్నమే ఓపెన్‌ఎండబ్ల్యూ. 2002 నాటి మారోవిండ్ ఆట యంత్రాంగాన్ని ఇది కొత్తగా వ్రాసింది. ఆట దస్త్రాలు మాత్రం కొనుక్కోవలసినదే. దీని కూర్పు ఉపకరణం లినక్సుపై వైన్ లేకుండానే నడుస్తుంది. అయితే అసలు ఆట ఎక్జిక్యూటబుల్‌పై ఆధారపడిన మాడ్లు ఇందులో పనిచేయవు.