తడి గోతం కడితే ఇంజనుకు బలం వస్తుందా?

ఏప్రిల్ నెల సగం దాటిందంటే రెంటచింతల పేరు పత్రికలకెక్కుతుంది. నాపరాతి నేల, చెట్టు తక్కువ, గాలి పొడి. పల్నాడు పల్లెల్లో 45 డిగ్రీల ఎండ ఎవరికీ కొత్త కాదు. పన్నెండు కొట్టేసరికి మనుషులు నీడ పట్టుకుంటారు. బండ్లకు ఆ వీలు లేదు. కల్లాల్లో ఎండిన మిరపకాయ గుంటూరు యార్డుకు చేరాలి. సున్నపురాయి పిడుగురాళ్ళ బట్టీలకు చేరాలి. కిరాయి కారు పెళ్ళివారిని ముహూర్తం వేళకు దించాలి.

సరిగ్గా ఈ రోజుల్లోనే బండి లాగుడు తగ్గిందనే మాట ప్రతి డ్రైవరు నోటా వినబడుతుంది. తెల్లవారుజామున మూడో గేరులో ఎక్కిన మిట్టను మధ్యాహ్నం రెండో గేరులో ఎక్కవలసి వస్తున్నదని వారు వాపోతారు. దానికి విరుగుళ్ళు కూడా వారి దగ్గరే ఉన్నాయి. ఎయిర్ క్లీనర్ చుట్టూ తడి గోతం చుట్టేవారు కొందరు. గాలి గొట్టం పక్కన ఐసుగడ్డ డబ్బా బిగించేవారు కొందరు. బోనెట్ కింద చెక్క ముక్క పెట్టి సందు చేసేవారు కొందరు. ఏకంగా ఫిల్టరే ఊడదీసి సీటు కింద పడేసేవారు ఇంకొందరు. ఇంజను పీల్చే గాలి చల్లబడితే బలం పెరుగుతుందని వీరందరి నమ్మకం.

ఈ నమ్మకాన్ని చదువుకున్నవారు నవ్వి కొట్టిపారేస్తుంటారు. అది న్యాయం కాదు. మూలంలో ఆ మాట నిజమే.

గాలి వేడెక్కితే పలచబడుతుంది. 27 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1,180 గ్రాములు తూగుతుంది. అదే గాలి 47 డిగ్రీలకు వేడెక్కితే 1,100 గ్రాములకు దిగుతుంది. ఇంజను సిలిండరు గుండిగ లాంటిది. దానిలో పట్టే చోటు మారదు గాని, లోపలికి వచ్చే సరుకు మాత్రం వందకు ఆరు పాళ్ళు తగ్గింది. సరుకు తగ్గితే మంట తగ్గుతుంది, మంట తగ్గితే లాగుడు తగ్గుతుంది. డ్రైవరు చెప్పే తేడా భ్రమ కాదన్నమాట. అందులోనూ చాలా పాత కార్లలో గాలి పీల్చే మూతి బోనెట్ లోపలే ఉండేది. రేడియేటర్ మీదుగా, సైలెన్సర్ మ్యానిఫోల్డ్ పక్కగా వచ్చిన గాలినే ఇంజను పీల్చేది. బయట 45 ఉంటే బోనెట్ లోపల 65, 70 ఉండడం వింత కాదు. అంటే మరో ఆరు పాళ్ళు నష్టం.

అయితే ఈ ఆరు పాళ్ళ లెక్కకు హద్దులున్నాయి. 50 గుర్రాల పెట్రోలు కారుకు ఇది మహా అయితే మూడు గుర్రాలు. ఆ మూడు కూడా యాక్సిలరేటరును అడుగంటా తొక్కినప్పుడే. సగం తొక్కి పోయే దారిలో చల్లగాలి వల్ల వచ్చే అదనపు బలం ఏమీ ఉండదు. ఇక టర్బో లేని పాత డీజిల్ ట్రాక్టరు సంగతి వేరు. దానిలో బలాన్ని నిర్ణయించేది డీజిల్ పంపు వదిలే నూనె. గాలి చల్లబడినంత మాత్రాన పంపు ఎక్కువ నూనె వదలదు. పొగ కాస్త తగ్గుతుంది, అంతే. ట్రాక్టరుకు గోతం చుట్టే రైతు సోదరులు ముందుగా ఈ మాట గ్రహించాలి.

మరి తడిగుడ్డ అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది? దీని వెనుక ఒక కథ ఉన్నది. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ కారు ఒకప్పుడు ప్రతి తాలూకా కేంద్రంలోనూ టాక్సీగా తిరిగింది. ఎండాకాలంలో ఆ కారు నడిదారిలో ఆగిపోయేది. పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉండడం వల్ల ఆ వేడికి గొట్టంలోని పెట్రోలు ఆవిరై, పంపు లాగలేక పోయేది. డ్రైవరు దిగి, పంపు మీద తడిగుడ్డ వేసి, ఒక బీడీ కాల్చేలోగా బండి మళ్ళీ కదిలేది. అది సరైన వైద్యమే. కానీ ఆ మందు పెట్రోలు ఆవిరికి గాని గాలికి కాదు. గురువు చేసింది చూసిన శిష్యుడు, అతన్ని చూసిన మరో శిష్యుడు, చివరకు తడిగుడ్డ పంపు మీద నుంచి ఎయిర్ క్లీనర్ మీదికి పాకి ఉంటుంది. ఈనాటి కార్లలో పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. గుడ్డతో పని లేదు.

తడి గోతం గాలిని చల్లబరచదా అంటే, చల్లబరుస్తుంది. వట్టివేళ్ళ తడిక కట్టుకున్న ఇల్లు చల్లబడుతున్నది కదా. పల్నాడు పొడిగాలిలో 45 డిగ్రీల గాలి తడి తడికలోంచి వస్తే 30 డిగ్రీలకు దిగినా దిగుతుంది. అదే బాపట్ల తీరాన గాలిలోనే చెమ్మ ఉంటుంది గనుక ఐదారు డిగ్రీలు దిగితే గొప్ప. చిక్కు ఇక్కడ కాదు, గాలి కొలతలో ఉన్నది. 1500 సీసీ కారు 3000 చుట్లు తిరిగేటప్పుడు నిమిషానికి సుమారు 1,900 లీటర్ల గాలి మింగుతుంది. పదడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గదిలోని గాలి 18 నిమిషాల్లో ఖాళీ అన్నమాట. ఇంటి కూలరుకు మూడు వైపులా రెండేసి అడుగుల తడికలు పెడితే గాని గాలి ఆడదు. అరచేయంత మూతికి గోతం కడితే ఏమవుతుంది? గట్టిగా కడితే ఇంజనుకు ఊపిరాడదు. వదులుగా డబ్బా చుట్టూ కడితే డబ్బా రేకు చల్లబడుతుందే తప్ప, లోపల రెప్పపాటులో దూసుకుపోయే గాలికి ఆ చల్లదనం అంటదు.

ఐసు లెక్క ఇంకా అధ్వాన్నం. నిమిషానికి 2 కిలోల గాలిని 20 డిగ్రీలు చల్లబరచాలంటే దాదాపు 10 కిలో కేలరీల వేడి తీసెయ్యాలి. కిలో ఐసు కరిగి, ఆ నీరు గాలి వెచ్చదనానికి వచ్చేవరకు మింగే వేడి 100 కిలో కేలరీలు. చుక్క చల్లదనం కూడా వృథా కాలేదనుకున్నా కిలో ఐసు పది నిమిషాలకు సరి. రెండున్నర గంటల ప్రయాణానికి 15 కిలోల ఐసు కావాలి. మూడు గుర్రాల కోసం ఐసుబండి ఒకటి వెంట తిప్పుకోవలసిందే. పరుగు పందేల కార్లవాళ్ళు ఐసునీళ్ళు వాడేమాట నిజమే, కాని వాళ్ళ పందెం కొన్ని సెకన్లలో ముగిసిపోతుంది.

ఇంతవరకు జరిగేది డబ్బు నష్టం, నవ్వులాట. ప్రమాదం ఆ తరువాత వస్తుంది.

మొదటిది నీరు. డీజిల్ ఇంజను సిలిండరు 800 సీసీ గాలిని 50 సీసీ చోటులోకి నొక్కుతుంది. 50 సీసీ అంటే అర టీగ్లాసు. గాలి నలుగుతుంది గాని నీరు నలగదు. గోతం నుంచి కారిన నీరు గొట్టం వంపులో చేరి, గతుకు వచ్చినప్పుడు ఒక్కసారిగా లోపలికి పోతే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నీటిని గాలిలో చిమ్మి ఇంజనును చల్లబరచే పద్ధతి లోకంలో లేకపోలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో పోరు విమానాలు నీరు, మిథనాలు కలిపి చిమ్మేవి. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే కారు కూడా ఆ పద్ధతితోనే వచ్చింది. అక్కడ పోసేది శుద్ధి చేసిన నీరు, చిమ్మేది కొలిచిన తుంపర. ఇక్కడి బోరు నీటిని గొట్టంలోకి చిమ్మితే, కాగు అడుగున పేరుకునే తెల్లటి పెచ్చు ఇంజనులో పేరుకుంటుంది.

రెండవది దుమ్ము. అన్నింటికంటె ఇదే ఘోరం. ఫిల్టరు తీసేసిన రోజున బండి ఊపిరి పీల్చుకున్నట్టే ఉంటుంది, చప్పుడు కూడా పెరుగుతుంది. చప్పుడు పెరగడమే బలం అనుకునే కుర్రకారుకు అంతకంటె ఏం కావాలి? పట్నాల నుంచి తెచ్చి బిగిస్తున్న శంకు ఆకారపు ఫిల్టర్ల వ్యవహారమూ ఇంతే. దాన్ని బోనెట్ లోపలే, అడ్డు రేకు కూడా లేకుండా బిగిస్తే అది పీల్చేది రేడియేటర్ వేడిగాలినే. డబ్బు పోసి వేడిగాలిని కొనుక్కోవడమన్నమాట. ఇక ఫిల్టరే లేని ఇంజను రాతి క్వారీల దారిలో, మెట్ట దున్నకంలో గంటకు వంద ఘనపు మీటర్లకు పైగా మట్టిగాలి మింగుతుంది. మట్టిలోని ఇసుక రేణువు ఇనుముకు ఆకురాయి లాంటిది. రింగులు, లైనర్లు అరిగి, ఆయిలు తాగి, నీలిపొగ వదులుతూ, ఏళ్ళ తరబడి రావలసిన ఇంజను ఒకటి రెండు కార్లకే పనికి వస్తుంది. అప్పు తెచ్చి బండి కొన్న రైతుకు, వాయిదా తీరకముందే ఇంజను పని పడితే ఆ ఏటి మిరప డబ్బు మెకానిక్ షాపుకే చాలదు.

ఇందులో మెకానిక్కులను తప్పు పట్టి లాభం లేదు. చేతిపని వారికి తెలుసు. ఎందుకో చెప్పినవారు లేరు.

నిజంగా ఇంటివద్ద చేసుకోదగినవి కొన్ని ఉన్నాయి. పాత కారులో గాలి మూతి బోనెట్ లోపల ఉంటే, అంతే లావు గట్టి గొట్టంతో దాన్ని ముందు దీపం పక్కకు, బయటి గాలి తగిలేచోటికి తేవచ్చు. ఫిల్టరు మాత్రం ఎక్కడి దక్కడే ఉండాలి. సైలెన్సర్ మ్యానిఫోల్డుకూ ఎయిర్ క్లీనరుకూ నడుమ రేకు ముక్క అడ్డుపెడితే సెగ తగలదు. ఖర్చు స్వల్పం. గొట్టం మూతి మాత్రం బంపరు కిందికి పోకూడదు. నాగులేరు, చంద్రవంక పొంగినప్పుడు చప్టా దాటే బండి ఆ మూతితోనే నీళ్ళు తాగుతుంది. వారంటీ ఉన్న కొత్త బండి జోలికి అసలు పోరాదు. దానికి గాలి ఎక్కడి నుంచి తీయాలో కంపెనీవారు ముందే చూసి ఉంటారు.

టర్బో ఉన్న బండ్లకు చల్లగాలి ప్రయోజనం నిజంగా పెద్దది. టర్బో గాలిని నొక్కినప్పుడు అది నూరు డిగ్రీలు దాటి కాగుతుంది. ముందు బిగించిన ఇంటర్‌కూలర్ దాన్ని మళ్ళీ డెబ్భైకి అటూ ఇటూ దించుతుంది. దానివల్ల సిలిండరులోకి పోయే గాలి దాదాపు ఐదోవంతు పెరుగుతుంది. అంత మేలు చేసే ఇంటర్‌కూలర్ రెక్కల నిండా వరిపొట్టు, పురుగులు, మట్టి పట్టించి, పైన తడి గోతం కోసం వెదకడం ఏం తెలివి? వారానికొకసారి లోపలి వైపు నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టి శుభ్రం చేస్తే చాలు. గొట్టాల హోస్ క్లిప్పులు వదులైతే నొక్కిన గాలి దారిలోనే కారిపోతుంది, అదీ చూసుకోవాలి. నూనె గిన్నె ఉండే పాత ట్రాక్టరు ఎయిర్ క్లీనరులో దుమ్ము పనుల రోజుల్లో రోజూ మట్టి తీసి, గీత వరకు కొత్త ఆయిలు పోయాలి. గీత దాటి పోస్తే ఇంజను ఆ ఆయిలును పీల్చుకుంటుంది. కాగితం ఫిల్టరును తడపరాదు, నేలకేసి కొట్టరాదు. లాగుడు తగ్గిందని మొరపెట్టే బండ్లలో ముందు చూడవలసింది ఈ ఫిల్టరునే. అక్కడ పోయేది ఆరు పాళ్ళు కాదు, ఇంకా ఎక్కువే. కొందరు ఆ కొరతను పంపు పెంచి పూడుస్తున్నారు. గాలి లేకుండా నూనె పెంచితే నల్లపొగ తప్ప మిగిలేది లేదు.

కాలవ గట్ల మీద ఇప్పటికీ అక్కడక్కడా ఆయిల్ ఇంజన్లు ఆడుతున్నాయి. రేకుల షెడ్డులో తలుపు మూసి, పొగగొట్టం లోపలే వదిలి ఆడించే పద్ధతి మానాలి. ఇంజను తాను వదిలిన పొగనే తాను పీల్చుకుంటున్నది. పక్కన పడుకున్న మనిషి ప్రాణానికీ అది ముప్పే. పొగగొట్టాన్ని గోడ బయటికి తీసి, ఎదురు గోడకు కిటికీ పెడితే చాలు.

ట్రాక్టరు అమ్మినప్పుడు ఇచ్చే పుస్తకంలో ఇందులో చాలావరకు ఉంటుంది. ఆ పుస్తకం ఎన్ని ఇళ్ళలో కవరు విప్పకుండా బీరువాలో ఉన్నదో అమ్మినవారికి పట్టదు. అమ్మకం రోజున కొబ్బరికాయ కొట్టించి ఫొటో తీయించే డీలర్లు, మరో అరగంట కూర్చోబెట్టి ఎయిర్ క్లీనర్ విప్పి చూపితే వారి సొమ్మేమీ పోదు. వ్యవసాయ శాఖవారు, ఐటీఐ ఉపాధ్యాయులు కలిసి మార్చి నెలలోనే మండలానికొక చోట, సంత రోజున, మెకానిక్కులనూ డ్రైవర్లనూ పిలిచి ఒక పూట ఈ పని చేసి చూపించాలి. మే నెలలో పిలిస్తే ఎవరూ రారు. అప్పటికి అందరూ యార్డు దారిలో ఉంటారు.