కొర్ర పండించే రైతును మరచిన వాతావరణ విధానం

పశ్చిమ ప్రకాశంలో డెబ్బై ఏళ్లు దాటిన వారిని చిన్నప్పుడు ఏం తిన్నారని అడిగితే, కొర్రన్నం, సజ్జ రొట్టె, జొన్న సంకటి అని చెబుతారు. వరి అన్నం పండుగనాడే. ఇప్పుడు మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో కొర్ర వేసే రైతును వెతుక్కోవలసి వస్తోంది. వాతావరణ మార్పును ఎదుర్కొంటామని దేశం మాట ఇస్తున్న రోజుల్లోనే ఆ మాటకు పనికొచ్చే పంట ఇక్కడి చేలల్లోంచి తప్పుకుంటోంది.

కొర్ర మూడు నెలల లోపే చేతికొస్తుంది. తక్కువ తేమతో నిలబడుతుంది. వరిలా మడిలో నీళ్లు నిలపనక్కరలేదు. నీరు నిలిచిన వరి మడుల నుంచి వెలువడే మీథేన్ వాయువు బెడద కూడా దీనితో లేదు. ఐదు సాళ్ల కొర్రకు ఒక సాలు కంది వేస్తే, వాన ఒక పంటను ముంచినా రెండోది రైతును ఆదుకుంటుంది. నల్లమలకు ఆవల నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం సూర్యనంది వంటి మంచి కొర్ర రకాలను ఇచ్చింది. విత్తనం ఉంది, భూమి ఉంది, అనుభవం ఉంది.

విధానాలకూ కొదవ లేదు. 2008లో ప్రకటించిన జాతీయ వాతావరణ కార్యాచరణ ప్రణాళికలోని ఎనిమిది మిషన్లలో సుస్థిర వ్యవసాయం ఒకటి. 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు సాధిస్తామని 2021లో గ్లాస్గోలో భారత్ ప్రకటించింది. మన దేశం ప్రతిపాదించగా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడాది బడ్జెట్టులో వీటికి 'శ్రీ అన్న' అని పేరు కూడా పెట్టారు.

పేరు వచ్చింది గాని ధర రాలేదు. జొన్న, సజ్జ, రాగికి కేంద్రం ఏటా కనీస మద్దతు ధర ప్రకటిస్తుంది. ఆ జాబితాలో కొర్ర, ఆరిక, సామ లేవు. పైగా కొర్ర పొట్టు తీయడం కష్టమైన పని. వడ్ల మిల్లులో అది కుదరదు. ఒకప్పుడు ఆడవాళ్లు రోట్లో దంచేవారు, ఇప్పుడు ఆ ఓపిక ఎవరికీ లేదు. అందుకే రైతు గింజలను అలాగే వ్యాపారికి అమ్ముకుంటాడు. పట్నంలో అదే కొర్రబియ్యం ప్యాకెట్లో ఖరీదైన ఆరోగ్య ఆహారంగా అమ్ముడుపోతుంది.

1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పథకం పేదల ఆకలి తీర్చింది. దాని మేలును ఎవరూ కాదనలేరు. కానీ రేషన్ దుకాణంలో బియ్యం చవగ్గా దొరికినప్పుడు, ఊళ్లో పండిన కొర్ర ఇంటి కుండ నుంచి తొలగిపోయింది. తినేవారు తగ్గితే వేసేవారూ తగ్గుతారు. ఆ స్థానంలో పత్తి, మిర్చి వచ్చాయి, వాటితోపాటు బోర్లూ అప్పులూ వచ్చాయి. భూగర్భ జలం అడుగంటింది. లోతు నుంచి తోడిన నీటిలో ఫ్లోరైడ్ ఈ ప్రాంతపు పాత శాపం. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ నీటి కోసం ఒక తరం మొత్తం ఎదురుచూసింది. ఆ నీళ్లు పారినా ప్రతి మెట్టచేనికీ చేరవు.

దారి మూసుకుపోలేదు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలనూ రేషన్‌లో ఇవ్వవచ్చని చెప్పింది. ఒడిశా 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టి, గిరిజన రైతుల రాగిని మద్దతు ధరకు కొని, రేషన్ ద్వారా పంచి చూపింది. అదే పని కొర్రతో ఇక్కడ చేయవచ్చు. ఇందుకు మూడు పనులు చాలు. కొర్రను మద్దతు ధర జాబితాలో చేర్చాలి. మండలానికొక పొట్టు తీసే యంత్రాన్ని మహిళా సంఘాల చేతికివ్వాలి. హాస్టళ్లకు, మధ్యాహ్న భోజనానికి ఇక్కడి కొర్రనే కొనాలి.

ఈ నేలకు కరవు కొత్త కాదు. 1876–78 నాటి మహా కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత పని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించాడు. ఆ సాయం పనిగా అందింది గనుక వారి గౌరవం నిలిచింది. ఈనాటి రైతు కోరేదీ అంతే, తన పంటకు న్యాయమైన ధర. ప్రభుత్వం కదిలేదాకా మనం ఊరకే కూర్చోనక్కరలేదు. మన పాఠశాలలు, హాస్టళ్లు, సంఘ విందులు వారానికొక పూట కొర్రన్నం వండితే, ఆ గింజలు మన ఊరి రైతు దగ్గరే కొంటే, వచ్చే తొలకరికి అతడు ధైర్యంగా విత్తనం చల్లుతాడు.